ఫైళ్లు లెక్కపెట్టొద్దు, తెరిచి చూడండి

ఇంగ్లండ్‌లో ఇల్లు కొంటున్న మనవాళ్లు సొలిసిటర్‌కి ఫోన్ చేయగానే ఫీజెంత, ఎన్ని వారాలు పడుతుంది అని అడుగుతారు. ఆ రెండిటికంటే ముందు అడగాల్సింది ఒకటుంది: నాకు అప్పిచ్చే బ్యాంకు ప్యానెల్‌లో, అంటే ఆ బ్యాంకు ఒప్పుకున్న లాయర్ సంస్థల జాబితాలో, మీ సంస్థ ఉందా? లేకపోతే బ్యాంకు తన తరఫున ఇంకో లాయర్‌ని పెట్టుకుంటుంది. ఆ లాయర్ ఫీజు కొనేవాళ్లే కట్టాలి, అవే కాగితాలు ఇద్దరు చదవాలి, ఒకరి ప్రశ్నకు మరొకరు జవాబిచ్చేలోపు వారాలు గడిచిపోతాయి. కొన్ని బ్యాంకులు దానికీ ఒప్పుకోవు, మా ప్యానెల్ సంస్థకే వెళ్లమంటాయి. అప్పటికే సెర్చ్‌లకు (ఇంటి గురించి అధికారిక రికార్డుల్లో చేయించే వెతుకులాటకు) డబ్బు కట్టి ఉంటే అది చాలావరకు వృథా.

అందువల్ల ఈ ప్యానెల్ అనేది లాయర్లకు మాత్రమే సంబంధించిన లోపలి వ్యవహారం అనుకోకూడదు. ఏ సంస్థ చేత ఇల్లు కొనిపించుకోవచ్చో కొనేవాళ్లకు తెలియకుండానే నిర్ణయించేది అదే. ఆ నిర్ణయం ఇప్పుడు జరుగుతున్న పద్ధతి మీద నాకు గట్టి అభ్యంతరం ఉంది. సంస్థ ఏడాదికి ఎన్ని లోన్ ఫైళ్లు చేసిందో చూసి ప్యానెల్‌లో ఉంచడం, తీసేయడం తప్పు. ఆ ఫైళ్లలో ఏం చేసిందో చూడాలి.

ముందు మన ఊళ్ల పద్ధతికీ అక్కడి పద్ధతికీ ఉన్న తేడా చెప్పుకోవాలి, లేకపోతే మిగతాది తలకెక్కదు. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో హోమ్ లోన్ తీసుకుంటే బ్యాంకు ప్యానెల్ అడ్వకేట్ ఈసీ, లింకు డాక్యుమెంట్లు చూసి లీగల్ ఒపీనియన్ రాస్తాడు. ఆయన పని అక్కడితో సరి. లోన్ డబ్బు ఆయన చేతికి రాదు, రిజిస్ట్రేషన్ రోజున బ్యాంకు చెక్కో డీడీనో నేరుగా అమ్మేవాళ్లకు అందుతుంది. ఆ ఒపీనియన్ తప్పయితే లాయర్‌ని ఎంతవరకు పట్టుకోవచ్చన్న ప్రశ్న హైదరాబాద్ సీబీఐ పెట్టిన కేసులో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. విజయా బ్యాంక్ ప్యానెల్ అడ్వకేట్ మీద పెట్టిన ఆ కేసును హైకోర్టు కొట్టేయడం సరైనదేనని 2012లో సుప్రీంకోర్టు తేల్చింది. కుట్రలో చేతులు కలిపాడనడానికి ఆధారం లేకుండా, ఒపీనియన్‌లో నిర్లక్ష్యం ఉందన్న ఒక్క కారణంతో నేరం మోపలేరని చెప్పింది.

ఇంగ్లండ్, వేల్స్‌లో అలా కాదు. సాధారణ ఇంటి కొనుగోలులో ఒకే సొలిసిటర్ కొనేవాళ్లకూ పనిచేస్తాడు, బ్యాంకుకూ పనిచేస్తాడు. లోన్ మొత్తం అతని సంస్థ క్లయింట్ ఖాతాలోకే వస్తుంది. అమ్మేవాళ్ల లాయర్‌కి డబ్బు పంపేది అతను, పన్ను కట్టేది అతను, ల్యాండ్ రిజిస్ట్రీలో బ్యాంకు తనఖాను నమోదు చేయించేది అతను. బ్యాంకు తరఫు మనిషెవరూ ఆ గదిలో ఉండరు. ముఖం కూడా చూడని సంస్థ ఖాతాలోకి మూడు నాలుగు లక్షల పౌండ్లు పంపాలంటే ఎవరికి పంపవచ్చో ముందే తేల్చుకున్న జాబితా ఒకటి బ్యాంకు దగ్గర ఉండాలి. ప్యానెల్ అంటే ఆ జాబితా.

ఇద్దరు క్లయింట్లకు ఒకే లాయర్ పనిచేయడం మామూలుగా కుదరదు. సొలిసిటర్ల నియంత్రణ సంస్థ ఎస్‌ఆర్‌ఏ ప్రవర్తనా నియమావళిలోని 6.2 పేరా, ఆ విషయంలో ఇద్దరి ప్రయోజనమూ చాలావరకు ఒకటే అయినప్పుడు రాతపూర్వక సమ్మతితో ఒప్పుకుంటుంది. ఇల్లు మంచి హక్కుతో చేతికి రావాలి: కొనేవాళ్ల కోరికా అదే, బ్యాంకు కోరికా అదే. ఆ ఇద్దరి దారులూ ఎక్కడ విడిపోతాయో కనిపెట్టడంలోనే ఈ వృత్తి నైపుణ్యమంతా ఉంది.

చేరడం ఎలా

ముందు సంస్థకు ఎస్‌ఆర్‌ఏ గుర్తింపో, ఇళ్ల క్రయవిక్రయాల పనే చేసే కన్వేయన్సర్లను నియంత్రించే కౌన్సిల్ ఫర్ లైసెన్స్‌డ్ కన్వేయన్సర్స్ గుర్తింపో ఉండాలి. ఒక్కరే యజమానిగా ఉన్న సంస్థలను కొందరు రుణదాతలు తీసుకోరు, మరికొందరు అదనపు షరతులు పెడతారు. కారణం తేలికే: ఆ ఒక్కరు ఆసుపత్రి పాలైతే క్లయింట్ ఖాతా మీద సంతకం పెట్టేవాళ్లుండరు. ఒంటరిగా ప్రాక్టీస్ పెట్టేవాళ్లు ఇది ముందే ఆలోచించుకుని, సెలవులోనో అనారోగ్యంలోనో పని చూసే మరో అర్హత ఉన్న సొలిసిటర్‌తో రాతపూర్వక ఏర్పాటు చేసుకుని, దాన్ని దరఖాస్తుకు జతచేయాలి.

తర్వాత వృత్తి బాధ్యతా బీమా. ఎస్‌ఆర్‌ఏ కనీస నిబంధనల ప్రకారం కంపెనీగానో ఎల్‌ఎల్‌పీగానో నడిచే సంస్థకు ఒక్కో క్లెయిమ్‌కి 30 లక్షల పౌండ్లు, మిగతా సంస్థలకు 20 లక్షల పౌండ్ల కవర్ ఉండాలి. ఇది అడుగు గీత మాత్రమే. లండన్‌లో పెద్ద ఇళ్ల పని చేస్తూ ఈ గీత దగ్గరే ఆగిపోయిన సంస్థ ఏదో ఒక రోజు తన కవర్‌ను మించిన లోన్ తన ఖాతాలో చూస్తుంది. బీమా సర్టిఫికెట్ మీద సంస్థ పేరు, శాఖల చిరునామాలు రిజిస్టర్‌లో ఉన్నట్టే అక్షరం పొల్లుపోకుండా ఉండాలి. చాలా సంస్థల పాలసీ ఇప్పటికీ అక్టోబర్ 1న మారుతుంది. ఆ రోజు కొత్త సర్టిఫికెట్ అప్‌లోడ్ చేయడం మరిచిపోతే రుణదాత కంప్యూటర్‌కి అది బీమా లేని సంస్థ. ప్యానెల్ హోదా ఆగిపోతుంది, శుక్రవారం కంప్లీషన్లకు (డబ్బు చెల్లించి ఇల్లు చేతికి తీసుకునే ఘట్టాలకు) డబ్బు రాదు.

మూడోది లా సొసైటీ నడిపే కన్వేయన్సింగ్ క్వాలిటీ స్కీమ్, వాడుకలో సీక్యూఎస్. చాలామంది రుణదాతలు సొలిసిటర్ సంస్థల నుంచి దీన్ని కోరతారు. ఒక సీనియర్ రెస్పాన్సిబుల్ ఆఫీసర్‌ని నియమించాలి, ఇళ్ల పని చేసేవాళ్లందరూ నిర్ణీత శిక్షణ పూర్తిచేయాలి, లా సొసైటీ ప్రోటోకాల్ పాటించాలి, గడువుకు పునరుద్ధరించుకోవాలి. దరఖాస్తులో అడిగే విధాన పత్రాలను బజారులో దొరికే నమూనాలతో నింపేవాళ్లున్నారు. తనిఖీకి వచ్చినవాళ్లు విధాన పత్రం పక్కన పెట్టి, దాన్ని అమలు చేసిన ఫైల్ చూపించమంటారు. అక్కడ దొరికిపోతారు.

ఇక రుణదాతల దరఖాస్తులు. కొందరు సొంతంగా చూసుకుంటారు. కొందరు ఎల్‌ఎమ్‌ఎస్ వంటి ప్యానెల్ నిర్వాహకులకు అప్పగిస్తారు. మరికొందరు లెండర్ ఎక్స్ఛేంజ్ అనే పోర్టల్‌లో సంస్థ వివరాలు చూస్తారు. ఆ పోర్టల్‌కి ఏటా రుసుము కట్టాలి, పత్రాలు ఒకసారి పెడితే అందులో ఉన్న రుణదాతలందరికీ కనిపిస్తాయి. అడిగేవి దాదాపు ఒకేలా ఉంటాయి. బీమా సర్టిఫికెట్, గత క్లెయిముల చరిత్ర, అకౌంటెంట్ నివేదిక, భాగస్వాముల, సిబ్బంది జాబితా, మనీ లాండరింగ్ నిరోధక విధానం, దానికి బాధ్యుడి పేరు, క్లయింట్ ఖాతా వివరాలు.

దరఖాస్తులు ఆగిపోయేది తరచుగా చిన్న చిన్న చోట్లే. ఎస్‌ఆర్‌ఏ రిజిస్టర్‌లో పేరు చివర లిమిటెడ్ ఉంటుంది, బ్యాంకు ఖాతా పేరులో ఉండదు. వెళ్లిపోయిన భాగస్వామి పేరు పోర్టల్‌లో అలాగే ఉండిపోతుంది. పాత క్లెయిమ్ చిన్నదే కదా అని రాయరు, కానీ బీమా కంపెనీ ఇచ్చిన చరిత్రలో అది కనిపిస్తుంది. క్లెయిమ్ ఉన్నందుకు తిరస్కరించడం కంటే దాచినందుకు తిరస్కరించడం ఎక్కువ న్యాయం, కాబట్టి ఉన్నది ఉన్నట్టు రాసి, ఆ తర్వాత పనిలో ఏం మార్చారో రెండు వాక్యాల్లో చెప్పాలి.

కొత్త సంస్థకు అసలు కష్టం వేరే. ప్యానెల్‌లో చేరాలంటే ఎన్ని లోన్ ఫైళ్లు చేశారో చెప్పమంటారు, ప్యానెల్‌లో లేకపోతే లోన్ ఫైళ్లు రావు. పెళ్లి కుదిరితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కుదరదన్నట్టు. దీనికి ఉన్న దారి మెట్లు మెట్లుగా ఎక్కడమే. దరఖాస్తులు తెరిచి ఉంచిన రుణదాతలకు, కొన్ని బిల్డింగ్ సొసైటీలకు (ఇళ్ల అప్పులిచ్చే, సభ్యుల యాజమాన్యంలోని సంస్థలకు) ముందు పెట్టుకోవాలి. పాత సంస్థలో భాగస్వాములు చేసిన పనిని వివరంగా రాసివ్వాలి. ఆ ఫైళ్లు పేరుకున్నాక పెద్ద బ్యాంకుల దగ్గరికి వెళ్లాలి. ఇంకొక జాగ్రత్త ఉంది, దీన్ని మరిచి దెబ్బతిన్న సంస్థలు తక్కువేం కాదు. భాగస్వామ్యాన్ని కంపెనీగా మార్చినా, మరో సంస్థలో విలీనమైనా ఎస్‌ఆర్‌ఏ నంబర్ మారుతుంది. పాత ప్యానెల్ హోదా కొత్త నంబర్‌కి దానంతటదే రాదు. మార్పిడి తేదీ ఖాయం చేసుకునేముందే ప్రతి రుణదాతకూ రాసి, నడుస్తున్న ఫైళ్ల సంగతి తేల్చుకోవాలి.

రూల్ బుక్ రెండు ముక్కలు

ప్యానెల్‌లో చేరాక చేతిలో ఎప్పుడూ ఉండాల్సింది యూకే ఫైనాన్స్ అనే రుణదాతల సంఘం వారి మోర్ట్‌గేజ్ లెండర్స్ హ్యాండ్‌బుక్. పాతవాళ్లు ఇంకా సీఎమ్‌ఎల్ హ్యాండ్‌బుక్ అంటారు, ఆ కౌన్సిల్ ఆఫ్ మోర్ట్‌గేజ్ లెండర్స్ 2017లో యూకే ఫైనాన్స్‌లో కలిసింది. మొదటి భాగం అందరికీ ఒకటే. రెండో భాగంలో ఒక్కో రుణదాత తన జవాబులు రాస్తాడు: ఫ్లాట్ లీజు ఎన్నేళ్లు మిగిలి ఉండాలి, గ్రౌండ్ రెంట్ (భూయజమానికి కట్టే అద్దె) ఎంతవరకు ఒప్పుకుంటారు, ఇలాంటివి. కొన్ని బిల్డింగ్ సొసైటీలు తమ సంఘం బీఎస్ఏ సూచనలు వాడతాయి.

తప్పులు ఎక్కువగా పుట్టేది రెండో భాగం దగ్గర. అది ఆన్‌లైన్‌లో ఉంటుంది, చెప్పాపెట్టకుండా మారినట్టే ఉంటుంది. ఆరు నెలల కింద ప్రింట్ తీసి ఫైల్‌లో పెట్టుకున్న కాగితాన్ని నమ్మి పనిచేసే ఫీ ఎర్నర్ (ఫైళ్లు నడిపే ఉద్యోగి) ఉన్నాడంటే ఆ సంస్థ ప్రమాదంలో ఉన్నట్టే. 2022 బిల్డింగ్ సేఫ్టీ చట్టం తర్వాత ఇది మరీ ముదిరింది. 11 మీటర్లు లేదా ఐదంతస్తులు, అంతకు మించిన భవనంలో ఫ్లాట్ అయితే భవన భద్రతా ఖర్చులకు సంబంధించిన లీజుదారు డీడ్ ఆఫ్ సర్టిఫికెట్, భూయజమాని సర్టిఫికెట్ కావాలా, ఎవరి పేరు మీద, ఎంత పాతవైతే పనికొస్తాయి అనే వాటికి ఒక్కో రుణదాతది ఒక్కో మాట. ఆఫర్ వచ్చిన రోజు ఒకసారి, ఎక్స్ఛేంజ్‌కు (కాంట్రాక్టులు మార్చుకుని ఇద్దరూ కట్టుబడే ఘట్టానికి) ముందు ఇంకోసారి రెండో భాగం తెరిచి, తేదీ కనబడేలా ఫైల్‌లో దాచాలి.

మొదటి భాగంలోని నియమాల్లో ఎక్కువగా పని తగిలేవి కొన్ని. అమ్మే వ్యక్తి ఆ ఇంటికి యజమానిగా నమోదై ఆరు నెలలు కాకపోతే రుణదాతకు తెలపాలి. ఆఫర్‌లో రాసిన ధర, కాంట్రాక్టు ధర ఒకటే ఉండాలి, లేకపోతే చెప్పాలి. సెర్చ్ ఫలితాలు కంప్లీషన్ నాటికి ఆరు నెలలకు మించి పాతబడకూడదు. తెలపాల్సిన విషయం చెప్పడానికి కొనేవాళ్లు ఒప్పుకోకపోతే, కారణం బయటపెట్టకుండా ప్రయోజనాల వైరుధ్యం వచ్చిందని మాత్రం చెప్పి బ్యాంకు పని వదులుకోవాలి.

ధర నియమాన్నే దగ్గరగా చూద్దాం. రెడింగ్‌లో 4,20,000 పౌండ్ల ఇల్లు అనుకోండి. బ్యాంకు 85 శాతం ఇస్తానంది, అంటే 3,57,000. కొనేవాళ్లది 63,000. సర్వేలో పైకప్పు బాగాలేదని తేలింది. అమ్మేవాళ్లు 10,000 తగ్గిస్తామన్నారు. కొనేవాళ్ల మొదటి ఆలోచన బ్యాంకుకు చెప్పొద్దనే. చెబితే ఆఫర్ మళ్లీ మొదటికొస్తుందని, లోన్ తగ్గి డబ్బు చాలదని భయం. లెక్క వేసి చూపిస్తే ఆ భయం పోతుంది. 4,10,000లో 85 శాతం 3,48,500. లోన్ 8,500 తగ్గింది, ధర 10,000 తగ్గింది, కాబట్టి చేతి డబ్బు 63,000 నుంచి 61,500కి దిగింది. చెప్పకుండా పాత లోన్‌నే తీసుకుంటే అది ధరలో 87 శాతం దాటుతుంది. బ్యాంకు ఏ పరిమితి చూసి ఒప్పుకుందో ఆ పరిమితినే దాటించినట్టు. లాయర్ కొనేవాళ్లకు ఈ నాలుగు అంకెలూ ఈమెయిల్లో పెట్టి సమ్మతి అడిగితే దాదాపు ఎవరూ కాదనరు. అడగకుండా నోరు మూసుకున్న ఫైల్ రెండేళ్ల తర్వాత ఇల్లు జప్తు అయినప్పుడు బయటికొస్తుంది.

మనవాళ్ల ఫైళ్లలో దీనికంటే ఎక్కువసార్లు వచ్చేది అమ్మానాన్నల డబ్బు. తెనాలి దగ్గర పొలం అమ్మి కొడుకుకు డిపాజిట్ పంపిస్తారు. రిజర్వ్ బ్యాంక్ ఎల్‌ఆర్‌ఎస్ పథకం కింద భారత్‌లో నివసించే ఒక్కొక్కరు ఆర్థిక సంవత్సరానికి 2,50,000 అమెరికన్ డాలర్ల దాకా పంపవచ్చు, కాబట్టి పంపడంలో చిక్కేమీ లేదు. చిక్కు ఇక్కడ మొదలవుతుంది. బ్యాంకుకు ఇది బహుమతి అని, తిరిగివ్వక్కర్లేదని, ఇంటి మీద తల్లిదండ్రులకు ఏ హక్కూ ఉండదని ఉత్తరం కావాలి. సొలిసిటర్‌కి వాళ్ల గుర్తింపు పత్రాలు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఆ డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో చూపే రిజిస్టర్డ్ దస్తావేజు కావాలి. దస్తావేజు తెలుగులో ఉంటుంది కాబట్టి ధ్రువీకరించిన అనువాదం చేయించాలి. దస్తావేజులో ప్రతిఫలం 40 లక్షలని ఉండి ఖాతాలో 70 లక్షలు పడితే ఆ తేడాకు జవాబు ఉండదు. అప్పుడు ఏ మంచి సంస్థా ఆ డబ్బు ముట్టుకోదు. పొలం అమ్మేరోజునే ఆలోచించాల్సిన సంగతి ఇది. ఇంకొకటి, ఉత్తరంలో హక్కు లేదని సంతకం పెట్టిన నాన్నగారే ఫోన్లో, ఇంట్లో నా వాటా సంగతి రాయించారా బాబూ అని అడిగితే లాయర్ అక్కడ ఆగిపోవాలి. అది బహుమతి కాదు, బ్యాంకుకు చెప్పాల్సిన విషయం.

పేర్ల గొడవ కూడా చిన్నదేం కాదు. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, లోన్ ఆఫర్‌లో పొట్టి అక్షరంగా ఉంటుంది, జీతం స్లిప్పులో ఇంటిపేరూ అసలు పేరూ తారుమారవుతాయి. తనఖా పత్రం మీద సంతకం చేయించాక దిద్దించడం కంటే ఆఫర్ రాగానే బ్యాంకుకు రాసి పేరు మార్పించుకోవడం వారం పని తగ్గిస్తుంది.

ఒక్క ఖాతా మరిచిపోతే

లోన్ డబ్బు విడుదల చేయించేది సర్టిఫికెట్ ఆఫ్ టైటిల్. హక్కు బాగుందని, నియమాలన్నీ పాటించామని సొలిసిటర్ బ్యాంకుకు పెట్టే సంతకం. అందులో మినహాయింపు ఏదైనా ఉంటే బ్యాంకు రాతపూర్వకంగా ఒప్పుకున్నాకే పంపాలి. ప్యానెల్ సభ్యత్వం ఏడాదికోసారి పునరుద్ధరించుకునేది అనుకుంటారు గానీ, నా దృష్టిలో ప్రతి సర్టిఫికెట్‌తోనూ అది మళ్లీ పుడుతుంది.

ఆ సంతకం బరువు ఎంతో 2014లో బ్రిటన్ సుప్రీంకోర్టు తీర్పిచ్చిన ఏఐబీ గ్రూప్ వర్సెస్ మార్క్ రెడ్లర్ కేసులో కనిపిస్తుంది. 2006లో ఏఐబీ అనే బ్యాంకు 33 లక్షల పౌండ్ల అప్పిచ్చింది, లాయర్లు మార్క్ రెడ్లర్ సంస్థ. ఇంటి మీద అప్పటికే బార్‌క్లేస్ తనఖా ఉంది, దాన్ని పూర్తిగా తీర్చి ఏఐబీని మొదటి స్థానంలో పెట్టాలి. బార్‌క్లేస్ అప్పు రెండు ఖాతాల్లో ఉంది, మొత్తం సుమారు 15 లక్షలు. లాయర్ల పొరపాటు వల్ల ఒక ఖాతా మొత్తమే వెళ్లింది, దాదాపు 3,09,000 పౌండ్లు బాకీ మిగిలిపోయింది. బార్‌క్లేస్ తనఖా విడవలేదు. అప్పు తీసుకున్నవాళ్లు కట్టలేకపోయారు, 2011లో ఇల్లు 12 లక్షలకు అమ్ముడైంది. ఏఐబీ తన మొత్తం నష్టం, దాదాపు 25 లక్షలు, లాయర్ల నుంచి కోరింది. ఆ పొరపాటు జరగకపోయినా వచ్చేదే అయిన నష్టాన్ని లాయర్ల మీద వేయలేమని కోర్టు 2,73,777 పౌండ్లకే పరిమితం చేసింది. లాయర్లకు అది ఊరట. కానీ సుప్రీంకోర్టు దాకా వెళ్లిన ఆ వ్యాజ్యానికి మూలం ఏమిటో చూడండి: రిడెంప్షన్ స్టేట్‌మెంట్‌లో (పాత అప్పు తీర్చడానికి ఎంత కట్టాలో చెప్పే పత్రంలో) ఎన్ని ఖాతాలున్నాయి, అన్నీ కలిపిన అంకె ఇదేనా, తనఖా విడుదలకు ఇది సరిపోతుందా అని పాత బ్యాంకును రాతపూర్వకంగా అడగని ఒక్క క్షణం.

2012లో వచ్చిన రెండు అప్పీల్ కోర్టు తీర్పులు పక్కపక్కన పెట్టి చదివితే ఇంకా స్పష్టంగా ఉంటుంది. రెండిట్లోనూ అమ్మేవాళ్ల తరఫున ఉన్నామన్న లాయర్ కార్యాలయం నకిలీ. నిజమైన సంస్థ పేరు వాడుకుని మోసగాళ్లు శాఖ తెరిచారు, లోన్ డబ్బు అక్కడికి వెళ్లి మాయమైంది. ఆ డబ్బు పంపిన లాయర్లు 1925 ట్రస్టీ చట్టం 61వ సెక్షన్ కింద క్షమించమని కోరారు. నిజాయతీగా, సహేతుకంగా నడుచుకున్న ట్రస్టీని (ఇతరుల డబ్బును వాళ్ల కోసం తన దగ్గర ఉంచుకున్నవాణ్ని) కోర్టు బాధ్యత నుంచి తప్పించవచ్చనే సెక్షన్ అది. లాయిడ్స్ వర్సెస్ మార్కండన్ కేసులో కోర్టు ఒప్పుకోలేదు, చేయాల్సిన జాగ్రత్తలు చేయలేదంది. నేషన్‌వైడ్ వర్సెస్ డేవిసన్స్ కేసులో ఒప్పుకుంది. అక్కడి లాయర్ ఆ శాఖ లా సొసైటీ, ఎస్‌ఆర్‌ఏ వెబ్‌సైట్లలో ఉందో లేదో చూశాడు, మోసగాళ్లు అక్కడ కూడా నమోదు చేయించుకోవడం అతని తప్పు కాదు. ఒకేలాంటి మోసం, ఒకేలా డబ్బు పోవడం. తేడా తెచ్చింది చేసిన తనిఖీ, దాన్ని రుజువు చేయగల కాగితం.

డబ్బు పంపాక కూడా సగం పని మిగిలే ఉంటుంది. ల్యాండ్ రిజిస్ట్రీలో కొనేముందు చేసే ఓఎస్1 అనే సెర్చ్ 30 పనిదినాల రక్షణ ఇస్తుంది. ఆలోపు ఏపీ1 అనే నమోదు దరఖాస్తు వెళ్లకపోతే మధ్యలో ఎవరైనా నమోదు చేయించుకుంటే బ్యాంకు తనఖా వెనక్కి పోతుంది. మళ్లీ సెర్చ్ చేస్తే పాత రక్షణకు పొడిగింపు రాదు, కొత్తది మొదలవుతుంది, అంతే. స్టాంప్ డ్యూటీ రిటర్న్ 2019 మార్చి నుంచి 14 రోజుల్లో పెట్టాలి, అది లేకుండా రిజిస్ట్రేషన్ ముందుకు కదలదు. కంపెనీ పేరు మీద కొంటే కంపెనీల రిజిస్ట్రార్ కార్యాలయం కంపెనీస్ హౌస్‌లో 21 రోజుల్లో చార్జ్ (తనఖా) నమోదు కావాలి. రిజిస్ట్రీ పంపిన రిక్విజిషన్‌కి (దరఖాస్తు మీద అడిగిన ప్రశ్నలకు) జవాబివ్వక దరఖాస్తు రద్దయిందంటే, ఆ ఉత్తరం ఎవరి ఇన్‌బాక్స్‌లో పడి ఉందో అని వెతుక్కునే సంస్థ ప్యానెల్‌లో ఎక్కువ కాలం ఉండదు, ఉండకూడదు కూడా.

అంకెతో కొలవడం ఎందుకు తప్పు

ఇవన్నీ చెప్పాక నా అభ్యంతరం దగ్గరికి వస్తాను. 2008 సంక్షోభం తర్వాత రుణదాతలు ప్యానెళ్లను కత్తిరించారు. 2012 జనవరిలో హెచ్‌ఎస్‌బీసీ తన ప్యానెల్‌ను 43 సంస్థలకు కుదించింది. అది అన్నిటికంటే తీవ్రమైన ఉదాహరణ, గొడవ పెద్దదయ్యాక ఆ బ్యాంకు తలుపు మళ్లీ తెరిచింది. అంత తీవ్రంగా కాకపోయినా, ఇంతకాలంలో ఇన్ని లోన్లు చేయని సంస్థను నిద్రాణంగా ఉందని తీసేసే పద్ధతి ఇంకా ఉంది.

బ్యాంకుల వాదన నాకు అర్థమవుతుంది. ప్రతి సంస్థను గమనించడానికి ఖర్చవుతుంది. ఏడాదికి రెండు లోన్లు చేసే సంస్థకు మా రెండో భాగం ఎలా గుర్తుంటుంది అంటారు. ఎవరూ వాడని ప్యానెల్ నంబర్ మోసగాళ్ల చేతిలో పడే ప్రమాదం నిజమే కూడా.

కానీ పైన చెప్పిన తప్పుల్లో ఏ ఒక్కటీ ఫైళ్లు తక్కువ చేయడం వల్ల పుట్టినవి కావు. రెండో ఖాతా చూడకపోవడం, శాఖను తనిఖీ చేయకపోవడం, ధర తగ్గిన సంగతి చెప్పకపోవడం తొందర వల్ల పుడతాయి. ఆ తొందర చేతినిండా ఫైళ్లున్న చోట ఎక్కువ. పరిమాణం భద్రత కాదని 2023 అక్టోబర్‌లో అందరూ చూశారు. వేరే సంస్థలను కలుపుకుంటూ పెద్దదైన యాక్సియమ్ ఇన్స్‌ను ఎస్‌ఆర్‌ఏ మూసేసింది, 6 కోట్ల పౌండ్లకు పైగా క్లయింట్ల డబ్బు కనిపించలేదు. ఇల్లు కొనే మధ్యలో ఉన్నవాళ్లు ఫైళ్ల కోసం తిరగాల్సి వచ్చింది.

అంకె ఇంకో హాని కూడా చేస్తుంది. కోటా చేరాలని సంస్థలు తమకు రాని పని ఒప్పుకుంటాయి. ఫ్రీహోల్డ్ (లీజు కాక నేలతో సహా సొంతమయ్యే) ఇళ్లే చేసేవాళ్లు ఎత్తైన భవనం ఫ్లాట్ తీసుకుంటారు, తక్కువ ఫీజుకు రిఫరల్ పని తెచ్చుకుంటారు. ప్రమాదం తగ్గించాలని పెట్టిన కొలతే ప్రమాదాన్ని లోపలికి పిలుస్తుంది.

దీనికి బదులు చేయగలిగింది పెద్ద ఖర్చు కాదు. ప్రతి సంస్థ నుంచి ఏడాదికి మూడు పూర్తయిన ఫైళ్లు, బ్యాంకే ఎంచుకుని తెప్పించుకోవాలి. ఏడాదికి మూడే చేసిన సంస్థ అయితే మూడూ. హ్యాండ్‌బుక్ ప్రకారం ఫైల్‌ను కనీసం ఆరేళ్లు దాచాల్సిందే కాబట్టి లేదనే అవకాశం లేదు. ఒక్కో ఫైల్‌లో నాలుగే చూడాలి: అవతలి లాయర్‌ని, అతని బ్యాంకు ఖాతాను తనిఖీ చేసిన తేదీ ఉన్న నోటు, అన్ని ఖాతాలూ ఉన్న రిడెంప్షన్ స్టేట్‌మెంట్, బ్యాంకుకు తెలిపిన విషయాల ఉత్తరాలు, ఓఎస్1 గడువుతో పోల్చి ఏపీ1 పంపిన తేదీ. అనుభవం ఉన్నవాళ్లకు ఫైల్‌కి అరగంట పని. అసలు ఏమీ తెలపకుండా వరసగా వంద సర్టిఫికెట్లు పంపిన సంస్థను చూసి బ్యాంకు సంతోషపడకూడదు. వంద ఇళ్లలో ఒక్క ధర మార్పూ, ఒక్క బహుమతి డబ్బూ, ఆరు నెలలు నిండని ఒక్క యజమానీ తగలకపోవడం నమ్మదగ్గ సంగతి కాదు.

తీసేసేటప్పుడు కారణం రాసివ్వాలి, జవాబిచ్చుకునే గడువివ్వాలి, నడుస్తున్న ఫైళ్లు పూర్తికానివ్వాలి. బ్యాంకుకూ సంస్థకూ మధ్య తగాదాలో డబ్బు పోగొట్టుకునేది మూడో మనిషి.

అలా జరిగే రోజు వచ్చేదాకా, తొలగింపు ఉత్తరం అందిన సంస్థ ఆ రోజే చేయాల్సిన పని ఉంది. ఆ రుణదాత ఫైళ్లన్నీ తీసి మూడుగా విడగొట్టాలి: సర్టిఫికెట్ పంపేసినవి, ఎక్స్ఛేంజ్ అయిపోయినవి, ఇంకా ఎక్స్ఛేంజ్ కానివి. మొదటి రెండు రకాలకు పూర్తిచేసే అనుమతి కోరుతూ ఫైల్ నంబర్లు, కంప్లీషన్ తేదీలతో అదే పూట రాయాలి. మూడో రకం క్లయింట్లకు ఇంకో సంస్థకు మారే వీలు చెప్పి, సెర్చ్‌లు అక్కడ పనికొస్తాయేమో కనుక్కుని, చేయని పనికి ఫీజు తీసుకోకూడదు. ఫోన్లు మాత్రం రెండో రకంతో మొదలుపెట్టాలి. వాళ్లు కాంట్రాక్టుకు కట్టుబడి ఉన్నారు, మామూలుగా ధరలో 10 శాతం డిపాజిట్ కట్టేశారు, కంప్లీషన్ రోజున లోన్ రాకపోతే ఆ డబ్బే పోయే ప్రమాదం ఉంది.